పాయింట్ రేయెస్ తీరం: జీవాలను చూడటం, మీవాక్‌ల నేలను తెలుసుకోవడం, వాలంటీరుగా చేరడం

2018 డిసెంబరు చివర్లో ఖర్చులకు నిధులు మంజూరు కాక అమెరికా ఫెడరల్ ప్రభుత్వం మూతపడింది. నేషనల్ పార్కుల సిబ్బందిలో చాలామంది ఇళ్లకు వెళ్లిపోయారు. శాన్ ఫ్రాన్సిస్కోకి ఉత్తరాన ఉన్న పాయింట్ రేయెస్ నేషనల్ సీషోర్‌లో డ్రేక్స్ బీచ్ నిర్మానుష్యమైపోయింది. జనవరిలో తుపాను అలలు, పెద్ద పోటు కలిసి, ఎలిఫెంట్ సీళ్లనే భారీ సముద్ర జంతువులు పడుకునే ఇసుకను ముంచేశాయి. అవి జరిగి జరిగి ఈ బీచ్‌కి చేరి, కంచె పడదోసుకుని పార్కింగ్ లాటులోకి వచ్చేశాయి. దాదాపు 60 పెద్దవి, 35 పిల్లలు. ప్రభుత్వం మళ్లీ తెరుచుకున్నాక పార్కువాళ్లు వాటిని తరిమేయలేదు. పిల్లలు పాలు తాగుతున్నాయి, ఉండనివ్వండి అని రోడ్డే మూసేశారు. ఆ తర్వాత జనాన్ని కొంచెం కొంచెంగా లోపలికి వదిలి, లాటు అంచున రేంజర్లతో పాటు వాలంటీర్లను నిలబెట్టారు.

నేను ఇక్కడ చలికాలపు వాలంటీరుగా చేరింది ఆ కథ విన్నాకే. బే ఏరియాలో ఏళ్ల తరబడి ఉంటున్న మనవాళ్లు చాలామంది ఈ తీరానికి ఒకసారి వచ్చి, లైట్‌హౌస్ ముందు ఫోటో దిగి వెళ్లిపోతారు. ఈ చోటును సరిగ్గా చూడాలంటే ఒక పద్ధతి ఉంది. ఇక్కడ కనిపించే ప్రాణుల్లో చాలావరకు ఒకప్పుడు మనుషుల చేతుల్లో ఈ నేల నుంచి మాయమై, తిరిగొచ్చినవే. వాటికి చోటు వదలడం నేర్చుకుంటే మిగతాదంతా దాని వెనకే వస్తుంది.

మొదటి అడుగు: ఏ నెలలో వెళ్లాలో తేల్చుకోండి

"వీకెండ్ ఖాళీ, పోదాం" అని బయల్దేరితే మంచు తెర తప్ప ఏమీ కనిపించకుండా తిరిగి రావచ్చు. ముందు ఏం చూడాలో అనుకుని, దాన్నిబట్టి నెల ఎంచుకోండి.

ఎలిఫెంట్ సీళ్లకు డిసెంబరు నుంచి మార్చి వరకు. మగవి ముందొచ్చి చోటు కోసం కొట్టుకుంటాయి. ఆడవి డిసెంబరు చివర, జనవరిలో వచ్చి ఈనుతాయి. గ్రే తిమింగలాలు జనవరిలో దక్షిణానికి, మార్చి మధ్యలో ఉత్తరానికి గుంపులుగా కనిపిస్తాయి. ఏప్రిల్ చివర, మే మొదట్లో తల్లులు పిల్లల్ని వెంటేసుకుని ఒడ్డుకి దగ్గరగా వెళ్తాయి. హార్బర్ సీళ్లు పిల్లల్ని పెట్టేది మార్చి నుంచి జూన్ దాకా, అందుకే మార్చి 1 నుంచి జూన్ 30 వరకు డ్రేక్స్ ఎస్టెరో అనే ఉప్పునీటి కయ్యలో పడవలు, కయాక్‌లు నడపనివ్వరు. ట్యూలీ ఎల్క్‌లనే పెద్ద దుప్పుల జతకాలం ఆగస్టు నుంచి అక్టోబరు. ఆ రోజుల్లో పార్కు ఉత్తరపు కొసన ఉన్న టొమాలెస్ పాయింట్ దారిలో పొద్దున్నే నడిస్తే, కణుజంత పోతు కొమ్ములు వెనక్కి వాల్చి వేసే కేక కొండల మీద ఈలలా సాగుతుంది. పక్షులకు ఏడాది పొడవునా రావచ్చు. ఇక్కడ ఇంతవరకు నమోదైన పక్షి జాతులు 490కి దగ్గర, అంటే ఉత్తర అమెరికా పక్షి జాతుల్లో సగానికి సగం.

మొదటిసారి వెళ్లేవాళ్లు నన్నడిగితే జనవరి చివరి వారం అని చెబుతాను. ఆకాశం తేటగా ఉన్న రోజు దొరికితే అప్పుడే పుట్టిన సీల్ పిల్లలు, కొట్టుకునే మగవి, సముద్రం మీద తిమింగలం చిమ్మే నీళ్లు, మూడూ ఒకే పూటలో చూడొచ్చు.

రెండో అడుగు: సర్దుకోవాల్సినవి

పార్కుకి ప్రవేశ రుసుము లేదు. శాన్ ఫ్రాన్సిస్కో నుంచి దూరం 30 మైళ్లే అయినా రోడ్లు వంకరలు కాబట్టి గంటన్నర వేసుకోండి. బేర్ వ్యాలీ విజిటర్ సెంటర్ నుంచి లైట్‌హౌస్‌కి ఇంకో ముప్పావుగంట. పాయింట్ రేయెస్ స్టేషన్ ఊళ్లోనే పెట్రోలు పోయించుకుని, తినడానికి కొనుక్కోండి. ఆ తర్వాత ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోకండి, మ్యాపు ముందే దించుకోండి.

బట్టల విషయంలో కొత్తవాళ్లు మోసపోయేది జూలైలో. సాన్ హోసేలో ఎండ మండిపోతుంటే ఇక్కడ పొగమంచు, ఎముకలు కొరికే గాలి. టోపీ, గాలి దూరని జాకెట్ ఏ నెలలోనైనా కారులో ఉండాలి. లైట్‌హౌస్‌కి కిందికి 313 మెట్లు, అవే పైకి ఎక్కాలి. గాలి గంటకు 40 మైళ్లు దాటితే మెట్ల దారి మూసేస్తారు. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నల్ని తీసుకెళ్తే చిమ్నీ రాక్ దగ్గరి ఎలిఫెంట్ సీల్ ఓవర్‌లుక్‌కి వెళ్లండి, నడక తక్కువ.

పాయిజన్ ఓక్ గురించి ఒక మాట. మారేడు దళంలా మూడేసి ఆకులు కలిసి ఉన్న పొద దారి పక్కన కనిపిస్తే ముట్టుకోవద్దు. ఇది మామిడి, జీడి కుటుంబానికి చెందినదే. జీడి గింజ పెంకు రసం తగిలితే ఒళ్లు ఎలా పొక్కుతుందో దీనితోనూ అలాగే పొక్కుతుంది. ఆకులు రాలిన చలికాలంలో ఉత్త పుల్లలకు కూడా ఆ గుణం పోదు. ఇంటికెళ్లాక సబ్బుతో కడుక్కోవడం, బట్టల్లో గోమార్లు ఉన్నాయేమో చూసుకోవడం అలవాటు చేసుకోండి.

సముద్రానికి వీపు తిప్పకండి. గ్రేట్ బీచ్‌లో అలలు అప్పటిదాకా బుద్ధిగా ఉండి, ఉన్నట్టుండి ఒకటి చాలా లోపలికి వచ్చి మనిషిని లాక్కుపోతుంది. కొండ అంచులు కూడా గట్టివి కావు, పైన నిలబడ్డా కింద కూర్చున్నా విరిగి పడొచ్చు.

మూడో అడుగు: బేర్ వ్యాలీలో మొదలుపెట్టండి, నేల ఎవరిదో తెలుసుకోండి

లైట్‌హౌస్‌కి పరుగెత్తే ముందు బేర్ వ్యాలీలో కనీసం గంటసేపు ఆగమని నా మనవి. అక్కడి ఎర్త్‌క్వేక్ ట్రయిల్ చాలా చిన్నది. శాన్ ఆండ్రియాస్ పగులు దీనికిందుగా పోతుంది. 1906 భూకంపంలో ఒక కంచె రెండుగా తెగి, ఒక ముక్క సుమారు 16 అడుగులు పక్కకు జరిగింది. ఆ ఎడాన్ని నిలబెట్టి చూపిస్తారు. పిల్లల్ని ఈ ముక్క దగ్గర ఒకర్ని, ఆ ముక్క దగ్గర ఒకర్ని నిలబెట్టి చూడండి. ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక మనుషులు. ఈ ద్వీపకల్పం కోస్ట్ మీవాక్‌లనే మూలవాసుల నేల. పార్కు లోపలే వాళ్ల ఊళ్ల ఆనవాళ్లు 120కి పైగా గుర్తించారు. చుట్టుపక్కల మనం రోజూ పలికే పేర్లు వాళ్ల మాటలే. టమల్‌పాయిస్ అంటే పడమటి కొండ. ఒలేమా అనే పేరులో ఉన్నది వాళ్లు కొయోటీని పిలిచే మాట. వాళ్లు ఓక్ గింజల్ని ఎండబెట్టి, రోట్లో దంచి, వగరు పోయేదాకా నీళ్లు పోసి వంపి, ఆ పిండితో జావ కాచుకునేవారు. ట్యూలీ అంటే తుంగ. ఎల్క్‌కి ఆ పేరు తుంగ మడుగుల్లో తిరుగుతుందని వచ్చింది. అదే తుంగను కట్టలు కట్టి పడవలు చేసుకునేవారు. ఆల్చిప్పల్ని చిన్న బిళ్లలుగా అరగదీసి, బెజ్జం వేసి దండ గుచ్చితే అది డబ్బు. గడ్డి మైదానాలను అదును చూసి కాల్చేవారు, కొత్త చిగురు వస్తే జింకలు వస్తాయని, బుట్టలల్లే పుల్లలు నిటారుగా పెరుగుతాయని. తెల్లవాళ్లు వచ్చి "ఎవరూ ముట్టని ప్రకృతి" అనుకున్నది నిజానికి ఒకరు చూసుకుంటున్న పొలం.

1579లో ఇంగ్లండు నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ ఓడ బాగు చేసుకోవడానికి ఈ తీరంలో అయిదు వారాలు ఆగాడు. 1595లో సాన్ అగస్టీన్ అనే స్పెయిన్ ఓడ ఇక్కడి డ్రేక్స్ అఖాతంలోనే పగిలింది. దానిలోని చైనా పింగాణీ పెంకులు మీవాక్ ఊళ్ల దిబ్బల్లో దొరికాయి. పుంత డె లోస్ రేయెస్, రాజుల కొమ్ము, అని పేరు పెట్టింది 1603లో స్పెయిన్ తరఫున వచ్చిన నావికుడు విస్కైనో. వాళ్లంతా వచ్చిపోయినవాళ్లు. అసలు దెబ్బ స్పెయిన్ వాళ్లు పెట్టిన క్రైస్తవ మత కేంద్రాలు, మిషన్లతో పడింది. శాన్ ఫ్రాన్సిస్కో మిషన్‌కీ, 1817లో పెట్టిన శాన్ రఫాయెల్ మిషన్‌కీ జనాన్ని తరలించారు. రోగాలతో ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. మిగిలినవాళ్ల గుర్తింపును 1958 నాటి ఫెడరల్ చట్టంతో కాగితాల్లోంచే కొట్టేశారు. వాళ్లు పోరాడి 2000 డిసెంబరులో దాన్ని మళ్లీ సాధించుకున్నారు. ఇవాళ కోస్ట్ మీవాక్, దక్షిణ పోమో కుటుంబాలు కలిసి ఫెడరేటెడ్ ఇండియన్స్ ఆఫ్ గ్రేటన్ రాంచెరియా అనే గుర్తింపు పొందిన తెగ. 2021లో పార్కూ ఆ తెగా ఒక ఒప్పందం రాసుకున్నాయి. ఈ నేలను ఎలా చూసుకోవాలన్న చర్చలో తెగ ప్రభుత్వానికి చోటు ఇచ్చే ఒప్పందం అది.

బేర్ వ్యాలీ నుంచి కొద్ది దూరం నడిస్తే కూలే లోక్లో వస్తుంది. మీవాక్ ఊరు ఎలా ఉండేదో చూపించడానికి 1976లో వాలంటీర్లు చేతులతో కట్టడం మొదలుపెట్టిన చోటు. ఇప్పుడు అక్కడ ఏం చూడొచ్చో, కార్యక్రమాలేమైనా ఉన్నాయో సెంటర్‌లో అడిగి వెళ్లండి. వెళ్లేవాళ్లకు రెండే రెండు సూచనలు.

ఒకటి, గవ్వల దిబ్బ గానీ, అబ్సిడియన్ అనే నల్లని గాజులాంటి రాతి ముక్క గానీ కనబడితే తాకకండి, ఫోటోకి చోటు పేరు తగిలించి నలుగురికీ పంపకండి. తీయడం ఫెడరల్ నేరం, అది సరే. అంతకన్నా ముఖ్యం, ఆ దిబ్బల్లో వాళ్ల పెద్దల సమాధులు ఉంటాయి.

రెండోది భాషకి సంబంధించింది, మన తెలుగులో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. పిల్లలకు చెప్పేటప్పుడు "ఇక్కడ మీవాక్‌లు ఉండేవారు" అని ఆపకండి. "ఉన్నారు" అనండి. తుంగ పడవల గురించి "చేసుకునేవారు" అనొచ్చు, మనుషుల గురించి మాత్రం కాదు. నేను మొదట్లో ఆ తప్పు చేశాను. శిక్షణలో నా పక్కన కూర్చున్న ఒకావిడ నెమ్మదిగా, "మా అమ్మమ్మది ఈ ఒడ్డే, మేం శాంటా రోసాలో ఉంటున్నాం" అంది. ఆ రోజు నుంచి క్రియాపదం చూసుకుని మాట్లాడుతున్నాను.

నాలుగో అడుగు: దూరం నుంచి చూడటం నేర్చుకోండి

19వ శతాబ్దంలో నూనె కోసం ఎలిఫెంట్ సీళ్లను ఎంతగా చంపారంటే 1890ల నాటికి మెక్సికోకి చెందిన గ్వాదలూపే దీవి దగ్గర వందకు లోపే మిగిలాయి. మెక్సికో, అమెరికా వాటిని కాపాడాక మెల్లగా పెరిగాయి. పాయింట్ రేయెస్‌కి 1970ల మొదట్లో తిరిగి రావడం మొదలైంది. చిమ్నీ రాక్ దగ్గర మొదటి సంతాన జంటను గుర్తించింది 1981లో. ట్యూలీ ఎల్క్‌లదీ ఇదే కథ. కాలిఫోర్నియా అంతటా పూర్తిగా పోయాయనుకున్నాక కొద్దిపాటి మిగిలితే, వాటి సంతతి నుంచి 1978లో పది జీవాలను టొమాలెస్ పాయింట్‌కి తెచ్చి వదిలారు. కంచె లోపల ఉంచారు. 2012, 2014 మధ్య కరవులో ఆ మంద 540 నుంచి 286కి పడిపోయింది. ఎన్నో ఏళ్ల వాదనల తర్వాత 2024 డిసెంబరులో కంచె తీయడం మొదలైంది. ఇన్ని కష్టాలు పడి వచ్చిన జీవాన్ని మనం సెల్ఫీ కోసం లేపకూడదు.

పద్ధతి ఇదీ. చెయ్యి ముందుకు చాచి బొటనవేలు పైకెత్తి, ఒక కన్ను మూయండి. జంతువు మొత్తం వేలి వెనక దాగాలి. దాగలేదంటే వెనక్కి నడవండి. సీళ్ల విషయంలో 300 అడుగులు అని గుర్తు పెట్టుకుంటే ఎప్పుడూ తప్పు పోదు. జంతువు తలెత్తి మీ వైపు చూసిందా, మీరు అప్పటికే దగ్గరికి వచ్చేసినట్టు. హార్బర్ సీళ్లు బెదిరి ఒక్కసారి నీళ్లలోకి దూకితే ఆ తొక్కిసలాటలో పిల్ల తల్లి నుంచి విడిపోవచ్చు. ఇసుకలో ఒంటరిగా పిల్ల కనిపిస్తే ఎత్తుకోవద్దు, నీళ్లు పోయొద్దు, నీళ్లలోకి నెట్టొద్దు. తల్లి వేటకు పోయి ఉండొచ్చు. దెబ్బ తగిలినట్టు అనిపిస్తే రేంజర్‌కి గానీ, సాసలీటోలోని మెరైన్ మామల్ సెంటర్‌కి గానీ ఫోన్ చేయండి. 1975లో మొదలైన సంస్థ అది, గాయపడ్డ సీళ్లకు వైద్యం చేసి మళ్లీ సముద్రంలో వదులుతుంది.

బైనాక్యులర్స్ 8x42 చాలు, అంతకన్నా పెద్దవైతే గాలికి చేతులు ఊగుతాయి. చూపు మంద మొత్తం మీద తిప్పకుండా ఒక్కదాని మీద పది నిమిషాలు ఆపండి. ఒక జనవరి పొద్దున నేను అలా ఒక ఆడదాన్ని చూస్తూ నిలబడ్డాను. ముందు నాకు తెలిసింది గల్ పక్షుల వల్ల. పది పన్నెండు ఒక్కసారి అరుస్తూ ఒకేచోట వాలాయి. ఈనాక పడే మాయ తినడానికి వస్తాయవి. ఇసుకలో నల్లగా తడిసిన సంచిలాంటిది కదిలింది. తల్లి గిరుక్కున వెనక్కి తిరిగి, ముక్కు పిల్ల మొహానికి ఆనించి, గొంతులోంచి గురగురమంటూ పిలిచింది. పిల్ల కీచుగా జవాబిచ్చింది. మళ్లీ పిలుపు, మళ్లీ జవాబు. వందల గొంతుల మధ్య ఒకరినొకరు పోల్చుకోవడానికి ఆ మొదటి మాటలే ఆధారం. ఆ నిమిషంలో ఎవరైనా దగ్గరికి వెళ్లి తల్లిని బెదరగొడితే ఏం పోతుందో అప్పుడు అర్థమైంది.

స్నోయీ ప్లోవర్ విషయం వేరు, దాన్ని అసలు చూడకుండానే తొక్కేస్తాం. మన తీతువుకి చుట్టమే, పిడికిట్లో పట్టేంత పిట్ట. 1993 నుంచి ప్రమాదంలో ఉన్న జాతిగా రక్షణ ఉంది. పొడి ఇసుకలో చిన్న గుంట చేసి మూడు గుడ్లు పెడుతుంది, గుడ్లు అచ్చం ఇసుక రంగు. కాబట్టి గూళ్ల కాలంలో గ్రేట్ బీచ్‌లో తాడు కట్టిన చోట దాటొద్దు, తడి ఇసుక మీదే నడవండి, గాలిపటాలు ఎగరేయొద్దు, పిట్టకు అది డేగలా కనిపిస్తుంది. తిన్న తొక్కలు, తుంపులు పారేస్తే కాకోళాలు వస్తాయి, వచ్చినవి గుడ్లు వెతుక్కుంటాయి.

అయిదో అడుగు: మీకు నప్పే పని ఎంచుకోండి

చలికాలపు డోసెంట్లు, అంటే జనానికి వివరించి చెప్పే వాలంటీర్లు, డిసెంబరు చివర నుంచి ఏప్రిల్ వరకు శని ఆదివారాల్లో, సెలవు రోజుల్లో ఓవర్‌లుక్‌ల దగ్గర స్పాటింగ్ స్కోపు, అంటే స్టాండు మీద నిలిపే దుర్భిణి, పెట్టి జనానికి చూపిస్తారు. మాట్లాడటం ఇష్టమైనవాళ్లకు ఇది సరిపోతుంది. వేసవిలో ప్లోవర్ డోసెంట్లు బీచ్ దారి మొదట్లో నిలబడతారు, వేసవి నుంచి ఎల్క్‌ల జతకాలం వరకు టొమాలెస్ పాయింట్‌లో ఎల్క్ డోసెంట్లు ఉంటారు. హార్బర్ సీళ్లను లెక్కపెట్టే పనికి ఓపిక కావాలి. ఒక కొండ మీద గంటలు కూర్చుని అంకెలు రాయాలి, మాటలు తక్కువ.

మాట్లాడటం ఇష్టం లేనివాళ్లకు, టీనేజీ పిల్లలున్నవాళ్లకు కలుపు తీసే పని మంచిది. బీచ్ ఇసుకను కట్టేసే యూరోపియన్ గడ్డి, గంగవాయిల కూరలా రసం నిండిన ఆకులతో పరుచుకునే ఐస్ ప్లాంట్, ఈ రెండూ ఎవరో తెచ్చి నాటినవే. అవి ఇసుకను కదలనివ్వవు కాబట్టి ప్లోవర్‌కి గూడు పెట్టే చోటు ఉండదు, టైడ్‌స్ట్రామ్ లూపిన్ లాంటి అరుదైన మొక్కకు నిలిచే చోటు ఉండదు. ఐస్ ప్లాంట్‌ని లాగేటప్పుడు తీగను కాకుండా మొదలు పట్టుకుని, అడ్డంగా దొర్లిస్తూ చాపలా చుట్టాలి. ముక్క మిగిలితే అదే మళ్లీ వేళ్లూనుతుంది. రెండు గంటలకు నడుము పట్టేస్తుంది. కానీ వెనక్కి తిరిగి చూస్తే ఖాళీ అయిన ఇసుక కళ్లెదుట ఉంటుంది. పని జరిగిందని ఇంత స్పష్టంగా చూపించే కలుపు నాకు ఇంకెక్కడా దొరకలేదు.

ఆరో అడుగు: దరఖాస్తు

వాలంటీర్ డాట్ గవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పార్కు పేరుతో వెతకండి. పనుల జాబితా, గడువులు అక్కడే ఉంటాయి. పార్కు సొంత వెబ్‌సైట్‌లోనూ వాలంటీర్ పేజీ ఉంది. చలికాలపు పనికి సెప్టెంబరు, అక్టోబరులోనే అడగండి, శిక్షణ సీజనుకు ముందే అయిపోతుంది. మీరు నెలలో ఎన్ని రోజులు రాగలరో నిజం చెప్పండి. నాలుగు రోజులని రాసి ఒక్కరోజు వచ్చేవాళ్లకన్నా, రెండు రోజులని రాసి రెండూ వచ్చేవాళ్లే కావాలి.

చేరేటప్పుడు ఒక ఒప్పందపత్రం మీద సంతకం చేస్తారు. దానివల్ల పని సమయంలో గాయపడితే ఫెడరల్ ఉద్యోగికి ఉన్నట్టే వైద్యపు రక్షణ ఉంటుంది, కాబట్టి సంతకం పెట్టకుండా, గంటలు రాయకుండా పని మొదలుపెట్టకండి. 18 ఏళ్లలోపు పిల్లలకు తల్లిదండ్రుల సంతకం తప్పనిసరి.

మనవాళ్లలో ఎక్కువమంది అడిగేది వీసా గురించి. పౌరులు కానివాళ్లకు నిబంధనలు వీసా రకాన్ని బట్టి మారతాయి. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1 మీద ఉన్నవాళ్లు తెలిసినవాళ్ల మాట మీద వెళ్లకుండా, మీ స్థితి దాచకుండా రాసి పార్కు వాలంటీర్ కోఆర్డినేటర్‌ని ముందే అడగండి, జవాబు ఈమెయిల్‌లో తెప్పించుకోండి. విద్యార్థులైతే యూనివర్సిటీలోని అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసుకీ చెప్పండి.

ఫెడరల్ సంస్థల్లో మొత్తం 250 గంటలు సేవ చేస్తే ఏడాదిపాటు నేషనల్ పార్కులన్నిటికీ పనికొచ్చే పాస్ ఇస్తారు. పాయింట్ రేయెస్‌కి టికెట్ లేకపోయినా మ్యూర్ ఉడ్స్‌కో యోసెమిటీకో పనికొస్తుంది.

ఏడో అడుగు: మొదటి షిఫ్టు

అరగంట ముందే వెళ్లండి. లెన్స్ మీద ఉప్పు తేమ పేరుకుంటుంది, మెత్తని గుడ్డతో తుడవండి. ఒక స్కోపు పెద్దవాళ్ల ఎత్తుకు, ఇంకొకటి పిల్లల ఎత్తుకు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ల ఎత్తుకు పెట్టండి. స్కోపును ఒక జంతువు మీద నిలిపి ఉంచితే, వచ్చినవాళ్లు కన్ను ఆనించగానే "అబ్బ" అంటారు. ఆ తర్వాతే మీరు నోరు తెరవాలి.

శిక్షణలో నేర్చుకున్న అంకెలన్నీ అప్పజెప్పకండి. ముందు "మీకేం కనిపించింది?" అని అడగండి. ఎక్కువమంది అడిగేది, "ఇవి చచ్చిపోయాయా?" అని. కాదు, నేల మీద నిద్రలో కూడా నిమిషాల తరబడి ఊపిరి బిగబట్టగలవు. సముద్రంలో 2,000 అడుగుల లోతుకు పోయి వేటాడే ఒళ్లు అది. పెద్ద మగది 4,000, 5,000 పౌన్లు తూగుతుంది, దాదాపు మూడు నెలలు ఏమీ తినకుండా చోటు కాచుకుంటుంది. ఇలా ప్రశ్నకు తగ్గ జవాబు చెబితే మనసులో ఉండిపోతుంది.

ఎవరైనా తాడు దాటి పోతుంటే అరవకండి, చట్టం పేరు ముందే ఎత్తకండి. నడుచుకుంటూ వెళ్లి, "ఆ తల్లికి పిల్ల పుట్టి రెండు రోజులే అయింది, ఇక్కణ్నుంచి స్కోపులో ఇంకా బాగా కనిపిస్తుంది, రండి" అనండి. నూటికి తొంభైమంది వెనక్కి వస్తారు. మిగిలినవాళ్ల సంగతి రేంజర్‌కి రేడియోలో చెప్పడమే మన పని, తగువు మన పని కాదు.

తెలుగు వచ్చినవాళ్లం అక్కడ ఉండటం వల్ల ఒక లాభం ఉంది, అది నాకు ఒక ఫిబ్రవరిలో తెలిసింది. కొడుకు దగ్గరికి వచ్చిన పెద్దావిడ ఒకరు శాలువా కప్పుకుని స్కోపులోంచి చాలాసేపు చూశారు. కొడుకు ఇంగ్లీషులో నన్నేదో అడుగుతుంటే ఆవిడ తనలో తాను, "తల్లేదీ?" అనుకున్నారు.

"వెళ్లిపోయిందమ్మా," అన్నాను. ఆవిడ ఉలిక్కిపడి చూశారు.

"తెలుగువాడివా నాయనా! వెళ్లిపోవడమేమిటి, పసిగుడ్డుని వదిలేసి?"

"నాలుగు వారాలు పాలిచ్చిందమ్మా. అన్నాళ్లూ తనేం తినలేదు. పుట్టినప్పుడు 75 పౌన్లున్న పిల్ల ఇప్పుడు మూడింతలైంది. ఆ పాలలో సగానికి పైగా వెన్నే. ఇక తను తినకపోతే బతకదు, సముద్రంలోకి పోయింది."

"మరి దీనికి ఈత ఎవరు నేర్పుతారు?"

"ఎవరూ నేర్పరు. నీళ్ల గుంటల్లో తనే నేర్చుకుంటుంది. రెండు నెలలు ఆ కొవ్వు మీదే బతుకుతుంది."

ఆవిడ మళ్లీ స్కోపులోకి వంగారు. వెళ్లేటప్పుడు కోడలితో, "ఆ తల్లి కూడా ఎండిపోయి ఉంటుందే పాపం," అనడం వినిపించింది. నేను అంత చక్కగా ఎవరికీ చెప్పలేకపోయాను.

సీజనంతా కుదరనివాళ్లకు

ప్రతి సెప్టెంబరు మూడో శనివారం కాలిఫోర్నియా అంతటా కోస్టల్ క్లీనప్ డే జరుగుతుంది, 1985 నుంచి నడుస్తోంది. సగం రోజు చాలు. కొంచెం లోతుగా చేయాలంటే బీచ్ వాచ్ ఉంది, 1993లో మొదలైంది. శిక్షణ తీసుకున్నవాళ్లు తమకు కేటాయించిన బీచ్‌లో క్రమం తప్పకుండా నడిచి చచ్చిన పక్షుల్ని, నూనె మరకల్ని నమోదు చేస్తారు. ఓడ నుంచి నూనె ఒలికినప్పుడు నష్టం ఎంతో నిరూపించేది ఆ లెక్కలే. ఇంకా తేలికగా కావాలంటే ఐనాచురలిస్ట్ యాప్‌లో మీరు చూసిన మొక్క, పురుగు, పక్షి ఫోటో ఎక్కించండి. గూళ్లు, గవ్వల దిబ్బలు మాత్రం అందులో పెట్టొద్దు.

ఏప్రిల్‌లో మీ షిఫ్టు పడితే వదలకండి. జనం పల్చబడతారు, కొండల మీద పూలుంటాయి. ఒడ్డున పాలు మానిన పిల్లలు గుండ్రంగా వెండి రంగులో వరసగా పడుకుని ఉంటాయి. చీకటి పడుతుంటే ఒకటొకటే నీళ్లలోకి పోయి ఆడతాయి, మళ్లీ వస్తాయి. ఒక శనివారం మీరు లెక్కపెట్టినవాటిలో తర్వాతి శనివారానికి సగం ఉండవు. ఉన్నవాటి అంకె చిట్టాలో రాసి, మీ గంటలు వేసి, స్కోపుని పెట్టెలో పెట్టేయండి.